చర్చిల తగవులో పిల్లల కాగితాలు పోకూడదు

సంపాదకులు గారికి,

సిరియా, ఉక్రెయిన్, జార్జియా పేర్లు వార్తల్లోకి వచ్చినప్పుడల్లా అక్కడి కన్యామఠాల గురించి, వాటిలో పెరుగుతున్న అనాథ పిల్లల గురించి మన పత్రికల్లో కథనాలు వస్తుంటాయి. చాలావరకు మంచి కథనాలే. కానీ ఒక పొరపాటు పదే పదే దొర్లుతోంది. ఆర్థడాక్స్ మఠాన్ని, అంటే పోప్‌కు లోబడని తూర్పు క్రైస్తవ చర్చిల మఠాన్ని, పోప్ అధికారం కింద నడిచే సంస్థగా రాసేస్తున్నారు. లోపల కథ ఆర్థడాక్స్ సన్యాసినులది, ఫొటో కింద మాత్రం 'క్యాథలిక్ సిస్టర్లు' అని ఉంటుంది. పిల్లలకు అన్నం, నీడ దొరుకుతున్నప్పుడు ఏ చర్చి అయితే ఏమిటని అడగవచ్చు. అడిగేవాళ్లు ఆ మఠానికి చందా పంపబోయే దాతలైతే జవాబు ఇంకా వివరంగా చెప్పాలి. పిల్ల జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఎక్కడ నమోదవుతుంది, సంరక్షకుల గడిలో ఎవరు సంతకం పెడతారు, మఠం మూతపడితే పిల్ల ఎక్కడికి పోతుంది అన్నవన్నీ ఆ మఠం ఏ చర్చిదో దాన్నిబట్టే తేలతాయి. ఈ సంగతి పట్టించుకోని చోట్ల పిల్లలు ప్రాణాలతో ఉండి కూడా సొంతవాళ్లకు దొరక్కుండా పోయారు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైనా రాస్తున్నాం.

మన ఊళ్లలో అందరికీ తెలిసిన పద్ధతి క్యాథలిక్ సభలది. 1904లో గుంటూరు వచ్చిన జె.ఎం.జె. సిస్టర్ల లాంటి సభకు పైన ఒక జనరల్, ఆమె కింద ప్రొవిన్షియల్, ఒక్కో ఇంటికి ఒక సుపీరియర్ ఉంటారు. ఒక ఇల్లు మూసేయాల్సి వస్తే సిస్టర్లను వేరే జిల్లాలోని మరో ఇంటికి మారుస్తారు, రికార్డులు ప్రొవిన్షియల్ ఆఫీసుకు చేరతాయి. ఆర్థడాక్స్ సంప్రదాయంలో సాధారణంగా ఇలాంటి సభలు ఉండవు. ప్రతి మఠం దేనికదే. దానికి ఒక మఠాధ్యక్షురాలు, ఆమెపైన ఆ ప్రాంతపు చర్చిలను పాలించే బిషప్. కొన్ని పేరున్న మఠాలు మాత్రం నేరుగా పాట్రియార్క్ (ఆ చర్చి మొత్తానికి అధిపతి) కింద ఉంటాయి. కాబట్టి మఠం పడిపోతే పిల్లల్ని అందుకోవడానికి సిద్ధంగా ఉండే సోదర సంస్థ అంటూ ఉండదు. బిషప్ తలచుకుంటే మరో మఠం చూస్తారు, లేకపోతే లేదు. అందరు బిషప్‌లకూ పైన పోప్ లాంటి ఒకే అధికారి కూడా లేరు. కాన్‌స్టాంటినోపుల్, మాస్కో, సెర్బియా, జార్జియా, ఆంటియోక్ దేనికవే స్వతంత్ర చర్చిలు. 2018 అక్టోబరులో మాస్కో, కాన్‌స్టాంటినోపుల్‌తో సత్ప్రసాదం (పూజలో పంచే రొట్టె, ద్రాక్షారసం) కలిసి తీసుకునే బంధాన్నే తెంచుకుంది. అందువల్ల 'ఆర్థడాక్స్ చర్చి తెలిపింది' అని రాస్తే ఏ చర్చి అన్నది తేలదు.

రోముతో సంబంధాల విషయానికొస్తే, 1054లో రోము, కాన్‌స్టాంటినోపుల్ ఒకరిపై ఒకరు వేసుకున్న బహిష్కారాలను పోప్ ఆరో పాల్, కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్ అథెనగోరస్ 1965 డిసెంబరు 7న రద్దు చేశారు. దాన్ని రెండు చర్చిలూ కలిసిపోవడంగా రాయకూడదు. ఈరోజుకీ సత్ప్రసాదం కలిసి తీసుకోరు. ఇక ఈజిప్టు కోప్టులు, సిరియక్‌లు, ఆర్మేనియన్లు, ఇథియోపియన్లు, కేరళ మలంకర ఆర్థడాక్స్‌లు వేరే కుటుంబం. వీళ్లు 451 నాటి కాల్సిడాన్ మహాసభ దగ్గరే విడిపోయారు. రోముతో వీళ్ల ఒప్పందాలు కూడా ఒక్కో చర్చికి ఒక్కో రకం. సిరియక్ పాట్రియార్క్ జక్కా, పోప్ రెండో జాన్ పాల్ 1984 జూన్ 23న చేసిన ప్రకటన ప్రకారం సొంత గురువు అందుబాటులో లేని విశ్వాసి అవతలి చర్చి గురువు దగ్గర పాపసంకీర్తనం (పాపాలు ఒప్పుకోవడం), సత్ప్రసాదం, వ్యాధిగ్రస్తుల అభ్యంగనం (రోగికి పవిత్ర తైలం పూయడం) కోరవచ్చు. మలంకర ఆర్థడాక్స్‌లతో 1990లో కుదిరిన అంగీకారం క్రీస్తు స్వభావం గురించిన సిద్ధాంతానికే పరిమితం, దానివల్ల సత్ప్రసాదం కలవలేదు. అనాథాశ్రమంలో ఇది పైపై తేడా కాదు. అర్ధరాత్రి జబ్బుపడ్డ పిల్ల దగ్గరికి ఏ ఫాదర్‌ను పిలవచ్చో తేల్చేది ఇదే.

మఠాల్లో అనాథలను పెంచడం ఆర్థడాక్స్‌లకు కొత్త కాదు. నాలుగో శతాబ్దంలో సెయింట్ బేసిల్ తన మఠ నియమాల్లో దీనికి పద్ధతి రాసిపెట్టాడు. అనాథలను మనంతట మనమే తీసుకోవాలన్నాడు. తల్లిదండ్రులున్న పిల్లలను మాత్రం వాళ్లే తీసుకొచ్చి సాక్షుల ముందు అప్పగించాలన్నాడు. పిల్లల వసతి సన్యాసుల వసతికి వేరుగా ఉండాలనీ, బుద్ధి పరిపక్వమయ్యాక సొంత నిర్ణయంతో తప్ప సన్యాసం ఇవ్వకూడదనీ చెప్పాడు. వయసు దగ్గర నియమావళిలోనే ఒక పేచీ ఉంది. కన్యాదీక్ష విషయంలో బేసిల్ పదహారు, పదిహేడేళ్లు అంటే, 692లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన ట్రుల్లో మహాసభ 40వ నియమం పదేళ్లకే అనుమతించింది. ఏ మఠమైనా తన ఆశ్రమంలో పెరిగిన ఆడపిల్లకు చిన్న వయసులోనే దీక్ష ఇచ్చి, ట్రుల్లో నియమం ఉందని సమర్థించుకుంటే, బేసిల్ మాటేమైందని విలేకరి తప్పకుండా అడగాలి.

ఆధునిక కాలంలో అనాథాశ్రమం, బడి, వైద్యం కలిపిన ఆర్థడాక్స్ కన్యామఠానికి పేరెన్నికగన్న ఉదాహరణ లెస్నా. ఇప్పటి తూర్పు పోలండ్‌లోని లెస్నా పొద్లాస్కాలో, 1885లో ఎఫిమోవ్‌స్కయా వంశానికి చెందిన మదర్ కేథరిన్ దీన్ని స్థాపించారు. ఆమె చదువుకున్న జమీందారీ కుటుంబపు స్త్రీ. ప్రార్థన ఒక్కటే చాలదు, మఠం బడి నడపాలి, రోగులను చూడాలి, దిక్కులేని పిల్లలను పెంచాలి అన్నది ఆమె వాదం. అప్పటి రష్యాలో అది చాలామందికి మింగుడుపడలేదు. ఆప్టినా మఠపు వృద్ధగురువు అంబ్రోస్, క్రోన్‌స్టాట్ ఫాదర్ జాన్ ఆమెకు అండగా నిలిచారు. కొద్దిమందితో మొదలైన ఇల్లు మొదటి ప్రపంచ యుద్ధం నాటికి వందలమంది సన్యాసినులు, వందలమంది పిల్లలున్న పెద్ద సంస్థ అయింది. దాని నుంచి విరోవ్, రదోచ్నిత్సా లాంటి మఠాలు కూడా పుట్టాయి. వాటిలోనూ ఇదే పద్ధతి.

ఇంతవరకు చదివితే నిష్కళంకమైన సేవా చరిత్ర. లెస్నా గురించి రాసే చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కానీ ఆ మఠం నిలబడ్డ స్థలం ఎవరిది? 1683లో ఒక పియర్ చెట్టు మీద దొరికిందని చెప్పే మరియమాత ప్రతిమ వల్ల అది క్యాథలిక్ పుణ్యక్షేత్రం. పాలైన్ సన్యాసులు దాన్ని చూసుకునేవారు. 1863 పోలిష్ తిరుగుబాటు తర్వాత జార్ ప్రభుత్వం వాళ్లను వెళ్లగొట్టి, 1875లో ఆ గుడిని ఆర్థడాక్స్‌లకు ఇచ్చింది. అదే ఏడాది ఆ ప్రాంతపు యూనియేట్లను, అంటే బైజాంటైన్ ఆచారం పాటిస్తూనే 1596 నుంచి రోముతో కలిసి ఉన్నవాళ్లను, మూకుమ్మడిగా ఆర్థడాక్స్ చర్చిలో కలిపేశారు. దాని ముందటి ఏడాది, 1874 జనవరి 24న, ప్రతులిన్ ఊళ్లో తమ గుడిని అప్పగించబోమని అడ్డంగా నిలబడ్డ 13 మంది సైనికుల కాల్పుల్లో చనిపోయారు. లెస్నా బడిలోకి, ఆశ్రమంలోకి వచ్చిన స్థానిక పిల్లల్లో ఇలాంటి ఊళ్ల పిల్లలు ఉన్నారు. మఠం వాళ్లకు తిండి పెట్టింది, అక్షరాలు నేర్పింది. ప్రభుత్వం దృష్టిలో మాత్రం ఆ పిల్లలను రష్యన్ ఆర్థడాక్స్‌లుగా మలచడం కూడా ఆ మఠం పనే. 1905లో మత స్వేచ్ఛ శాసనం వచ్చీరాగానే ఆ ప్రాంతంలో వేలకు వేలమంది ఆర్థడాక్స్ చర్చి వదిలి క్యాథలిక్‌లుగా నమోదు చేయించుకున్నారు. మఠ సేవ గొప్పదే, దాని స్థలం బలవంతంగా లాక్కున్నదే. ఒకటి చెప్పి రెండోది దాచడం మా దృష్టిలో తప్పు.

ఆ తర్వాత లెస్నా సన్యాసినులే దిక్కులేనివాళ్లయ్యారు. జర్మన్ సైన్యం ముందుకు రావడంతో 1915లో పెట్రోగ్రాడ్ వైపు తరలించారు, 1917లో బెస్సరేబియాలోని (ఇప్పటి మోల్డోవా) జాబ్కాకు పంపారు. ఆ ప్రాంతం రొమేనియా చేతికి వెళ్లాక 1920లో సెర్బియా చేరారు. అక్కడి ఫ్రుష్కా గోరా కొండల్లోని హోపోవో మఠంలో ఉంటూ వందలాది అనాథలను పెంచారు. చాలాకాలంగా మాసిపోయిన సెర్బియా కన్యామఠ జీవితాన్ని తిరిగి లేపిందీ వీళ్లే. రెండో ప్రపంచ యుద్ధంలో హోపోవో దెబ్బతిని బెల్‌గ్రేడ్‌కు, 1950లో ఫ్రాన్స్‌కు, చివరికి 1967లో నార్మండీలోని ప్రొవ్‌మోంట్‌కు చేరారు. అటు లెస్నా గుడి 1919లో క్యాథలిక్‌లకు తిరిగి దక్కింది. ఇన్ని ప్రయాణాల్లో గుడి సామాన్లు, ప్రతిమలు ఏమయ్యాయన్నది రెండు పక్షాలూ శ్రద్ధగా రాసుకున్నాయి. ఒక్కో మజిలీలో విడిపోయిన పిల్లల జాబితా కూడా అంతే శ్రద్ధగా అడగాల్సిన విషయం.

పిల్లల జాబితా ఎంత విలువైనదో తెలియాలంటే క్రొయేషియా రాజధాని జాగ్రెబ్ చూడాలి. 1941లో అక్కడ ఏర్పడిన ఉస్తాషా (క్రొయేషియా ఫాసిస్టు) ప్రభుత్వం క్యాథలిక్ పేరు చెప్పుకుంటూ ఆర్థడాక్స్ సెర్బులను చంపింది, తరిమింది, బలవంతంగా మతం మార్పించింది. స్తారా గ్రదిష్కా, సిసక్, యాస్త్రెబార్‌స్కో శిబిరాల్లో వేలాది సెర్బ్ పిల్లలు తల్లులకు దూరమై పడి ఉన్నారు. ఇన్స్‌బ్రుక్‌లో పుట్టి, జాగ్రెబ్‌లో ఒక సెర్బ్ ఆర్థడాక్స్ సర్జన్‌ను పెళ్లాడిన డయానా బుదిసావ్‌ల్యెవిచ్ 1941 అక్టోబరు నుంచి వాళ్లను బయటికి తీసే పనిలో పడింది. ఉంచడానికి ఆర్థడాక్స్ మఠాలు మిగల్లేదు. కాబట్టి ఆర్చ్‌బిషప్ స్తెపినాట్స్ అనుమతితో క్యాథలిక్ సేవాసంస్థ కారితాస్ ద్వారా పల్లెల్లో క్యాథలిక్ ఇళ్లకు పిల్లలను పంపారు. ప్రాణాలు దక్కాయి. కానీ తర్వాత వాళ్ల అమ్మానాన్నలు వస్తే ఎలా గుర్తుపట్టాలి? పేరు చెప్పలేని పసివాళ్లే ఎక్కువ. ఆమె తన సహాయకులతో కార్డుల పెట్టె తయారు చేసింది. ఒక్కో పిల్లకు ఒక కార్డు. ఏ బండిలో వచ్చింది, ఎక్కడ పట్టుబడింది, ఎవరింటికి వెళ్లింది, ఫొటో ఉంటే ఫొటో. సుమారు 12,000 కార్డులు అయ్యాయి.

1945 మే నెలలో కొత్త కమ్యూనిస్టు అధికారులు ఆ పెట్టెను పట్టుకుపోయారు. ఆమెకు తిరిగి ఇవ్వలేదు. ఆ పెట్టె మళ్లీ ఆమె చేతికి రాకపోవడంతో చాలామంది పిల్లలు పెంచినవాళ్ల పేరుతో, పెంచినవాళ్ల చర్చిలో పెద్దవాళ్లయ్యారు. తాము ఎవరి పిల్లలమో చాలామందికి చివరిదాకా తెలియలేదు. అక్కడ పెంచిన కుటుంబాలకు దురుద్దేశం ఉందని చెప్పడం లేదు. ఒకే ప్రతి, ఒకే చోట, ఒకే మనిషి చేతిలో ఉండటం ఆ పెట్టె బలహీనత. రెండో ప్రతి మరో ఊళ్లో ఉండి ఉంటే కథ వేరుగా నడిచేది.

కాగితం పోతే చర్చి ఎలా మారుతుందో నియమావళిలోనే ఉంది. పిల్లకు జ్ఞానస్నానం అయిందని చెప్పే నమ్మదగ్గ సాక్షి లేకపోతే వెనకాడకుండా ఇప్పించమని ట్రుల్లో సభ 84వ నియమం. దొరికిన శిశువు విషయంలో శ్రద్ధగా విచారించినా జ్ఞానస్నానం రుజువు కాకపోతే ఇప్పించాలని క్యాథలిక్ చట్టం 870వ నియమం. అంటే రుజువు లేని పిల్ల ఏ గుమ్మం దగ్గర దొరికితే ఆ చర్చి పిల్ల అవుతుంది. ఇందులో ఎవరి కుట్రా అక్కర్లేదు, ఒక రశీదు పోతే చాలు.

రుజువు ఉన్న పిల్ల విషయంలో క్యాథలిక్ పక్షం లెక్క స్పష్టంగా ఉంది. ఆర్థడాక్స్ జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం (జ్ఞానస్నానం తర్వాత పవిత్ర తైలం పూయడం) చెల్లుతాయి కాబట్టి మళ్లీ ఇవ్వకూడదు. ఆర్థడాక్స్‌లు శిశువుకు జ్ఞానస్నానం, అభ్యంగనం, సత్ప్రసాదం మూడూ దాదాపు ఒకేసారి ఇచ్చేస్తారు. లాటిన్ క్యాథలిక్‌లలో సత్ప్రసాదం బుద్ధి తెలిశాక, ఏడేళ్ల ప్రాంతంలో. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. క్యాథలిక్ హాస్టల్లో ఉన్న ఆర్థడాక్స్ పిల్లను తోటి పిల్లలతోపాటు తెల్ల గౌను వేసి 'మొదటి సత్ప్రసాదం' వరుసలో నిలబెడతారు. ఆమె మొదటి సత్ప్రసాదం పుట్టిన కొద్ది నెలలకే అయిపోయింది. క్యాథలిక్ చట్టం 844వ నియమం అడిగిన ఆర్థడాక్స్ విశ్వాసికి ఇవ్వవచ్చంటుంది గానీ అడగని పిల్లను వరుసలో నిలబెట్టమనలేదు. ఆర్థడాక్స్ పక్షం లెక్క మాత్రం ఒకే రకంగా ఉండదు. క్యాథలిక్‌లకు మళ్లీ జ్ఞానస్నానం వద్దని మాస్కో 1667లో తీర్మానిస్తే, ఇవ్వాలని కాన్‌స్టాంటినోపుల్ 1755లో తీర్మానించింది. ఇప్పటికీ ఒక్కో బిషప్ ఒక్కో రకంగా చేస్తారు. కాబట్టి క్యాథలిక్ పిల్ల ఆర్థడాక్స్ మఠంలో చేరితే మొదటి రోజే బిషప్ నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోవడం మంచిది.

ఈ చిక్కును ఎదురుగా పెట్టుకుని కూర్చుని మాట్లాడింది లెబనాన్, సిరియా చర్చిలే. అక్కడ ఇరు పక్షాలూ ఒకే వీధిలో ఉంటాయి. ఆంటియోక్ పాట్రియార్కేట్ 1724లో చీలి, రోముతో కలిసినవాళ్లు మెల్కైట్ గ్రీక్ క్యాథలిక్‌లయ్యారు, కలవనివాళ్లు ఆర్థడాక్స్‌గా మిగిలారు. పూజా విధానం ఒకటే, భాష అరబిక్ ఒకటే, ఇళ్లలో బాంధవ్యాలు కలిసే ఉంటాయి. పెళ్లి, సంరక్షణ, దత్తత లాంటి విషయాలు అక్కడ చర్చి కోర్టుల్లోనే తేలతాయి, కాబట్టి పిల్ల ఏ చర్చిదన్నది చట్టం ప్రశ్న కూడా. 1996 అక్టోబరులో లెబనాన్‌లోని షర్ఫెలో క్యాథలిక్, ఆర్థడాక్స్ పాట్రియార్క్‌లు కుదుర్చుకున్న ఒప్పందంలో మూడే అంశాలున్నాయి: మిశ్రమ వివాహాలు, ఉమ్మడి జ్ఞానోపదేశ పుస్తకం, మొదటి సత్ప్రసాదం. వేదాంత చర్చల కంటే ఇలాంటి ఒప్పందాలే పిల్లలకు పనికొస్తాయని మా నమ్మకం. 1993లో లెబనాన్‌లోని బలమంద్‌లో జరిగిన క్యాథలిక్, ఆర్థడాక్స్ అంతర్జాతీయ సంభాషణ ఒకరి విశ్వాసులను మరొకరు లాక్కోవడాన్ని తప్పని చెప్పింది. షర్ఫె దాన్ని బడి గదిదాకా తెచ్చింది.

డమాస్కస్‌కు ఈశాన్యంగా, ఇప్పటికీ అరమాయిక్ మాట్లాడే మాలూలా గ్రామంలో సెయింట్ తెక్లా ఆర్థడాక్స్ కన్యామఠం ఉంది. అనాథ ఆడపిల్లలను పెంచే మఠం అది. అదే ఊళ్లో కొండపైన మెల్కైట్ క్యాథలిక్‌ల సెర్గియస్, బాకస్ మఠం. 2013 డిసెంబరు మొదట్లో సాయుధులు తెక్లా మఠం నుంచి 13 మంది సన్యాసినులను, ముగ్గురు సహాయకులను పట్టుకుపోయారు. 2014 మార్చిలో ఖైదీల మార్పిడితో వదిలారు. ఆ వార్త రాసిన మన పత్రికలు కొన్ని దాన్ని క్యాథలిక్ మఠం అన్నాయి. ఊళ్లో రెండూ ఉన్నాయి కాబట్టి పొరపాటు సహజమే. కానీ ఆ పిల్లలకు బాధ్యులు డమాస్కస్‌లో ఉండే ఆంటియోక్ ఆర్థడాక్స్ పాట్రియార్క్. సాయం పంపదలచినవాళ్లు మెల్కైట్ చిరునామాకు పంపితే అది ఆ పిల్లలకు చేరదు.

మఠం లోపలి రోజువారీ సంగతులు కొన్ని. ఆర్థడాక్స్ మఠంలో సాధారణంగా మాంసం వండరు. బుధ, శుక్రవారాలు, నాలుగు పెద్ద ఉపవాస కాలాలు కలిపితే ఏడాదిలో దాదాపు సగం రోజులు పాలు, పెరుగు, గుడ్లు కూడా ఉండవు. పిల్లలకు, రోగులకు సడలింపు ఉంది. చర్చి నియమం దగ్గర ఇబ్బంది లేదు, ఇబ్బందంతా వంటింట్లో ఉంటుంది. ఒకే పొయ్యి, ఒకే గుండిగ ఉన్న మఠంలో సడలింపు కాగితం మీదే మిగులుతుంది, ఈస్టర్ ముందు ఏడు వారాలు పిల్లలు కూడా పప్పు, క్యాబేజీ మీదే గడుపుతారు. రక్తహీనత అక్కడ మొదలవుతుంది. పిల్లల వంటకు వేరే గిన్నెలు, వేరే మనిషి, పాలకు వేరే పద్దు ఉన్న మఠాన్ని నమ్మవచ్చు. రాత్రి జాగరణ ప్రార్థనలు రెండు మూడు గంటలు నిలబడి చేస్తారు. చిన్నపిల్లలను సత్ప్రసాదం వేళకు తీసుకొచ్చి వెనక్కి పంపేస్తే సరిపోతుంది. పాత క్యాలెండర్ పాటించే చోట క్రిస్మస్ జనవరి 7న. ఆరోజు ఊళ్లో బడి ఉంటే పిల్ల గైర్హాజరు అవుతుంది, ముందే బడికి చీటీ రాయాలి.

వీటన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇంకొకటి. మఠంలో పనులు వంతులవారీగా మారుతుంటాయి. ఈ కాలంలో తోట, వచ్చే కాలంలో వంట, ఆ తర్వాత కొవ్వొత్తుల గది. సన్యాసినికి అది అహంకారం తగ్గించే శిక్షణ. రెండేళ్ల పిల్లకు మాత్రం అలవాటైన ఒడి మూడు నెలలకోసారి మాయమవుతుంది. పిల్లల బాధ్యత ఉన్న సన్యాసినిని వంతు నుంచి తప్పించి, కనీసం పిల్ల బడి వయసు దాకా మార్చకూడదు. దీనికి ఏ నియమమూ అడ్డురాదు, మఠాధ్యక్షురాలు తలచుకుంటే చాలు.

రిజిస్టర్ సంగతి. పిల్ల వచ్చిన తేదీ, వేళ, తెచ్చినవారి పేరు, సంతకం, వచ్చినప్పటి ఒంటిమీది బట్టలు, వస్తువులు, మాట్లాడే భాష, పుట్టుమచ్చలు, ఫొటో. జ్ఞానస్నానం అయిందా, ఏ చర్చిలో, ఏ గురువు, జ్ఞాన తల్లిదండ్రులెవరు; తెలియకపోతే 'తెలియదు' అని రాయాలి, ఊహించి నింపకూడదు. పేరు మార్చకూడదు. ఆ పిల్లే పెద్దయ్యాక దీక్ష తీసుకుంటే కొత్త పేరు వస్తుంది, అప్పుడు రెండు పేర్లూ ఒకే పేజీలో ఉండాలి, లేకపోతే వెతుక్కుంటూ వచ్చిన అన్నకు చెల్లెలు దొరకదు. ఇంకో ఇంటికి పంపితే ఎక్కడికో, ఎవరు తీసుకెళ్లారో రాయాలి. మొత్తం పుస్తకానికి రెండో ప్రతి మఠం బయట, వీలైతే ప్రభుత్వ కార్యాలయంలో ఉండాలి. జ్ఞానస్నానపు పుస్తకం వేరు, ఈ పుస్తకం వేరు. రెండూ కలిపి ఒకే పుస్తకంలో రాసే మఠం చేతులు మారినరోజు రెండూ ఒక్కసారే పోతాయి.

ప్రభుత్వ తనిఖీ మాట వచ్చింది కాబట్టి జార్జియా గురించి ఒక మాట. అక్కడి ఆర్థడాక్స్ పాట్రియార్కేట్ కింద నడిచే నినోత్స్‌మిందా పిల్లల ఆశ్రమంలోకి 2021లో ప్రజా రక్షకుడి (మానవ హక్కులను పర్యవేక్షించే ప్రభుత్వ అధికారి) కార్యాలయం ప్రతినిధులను రానివ్వలేదు. విషయం కోర్టుకు వెళ్లి, ఆ ఏడాది జూన్‌లో వికలాంగ పిల్లలను అక్కడి నుంచి తీసుకెళ్లమని ఆదేశం వచ్చింది. చర్చి మీద దాడి అని కొందరన్నారు. పిల్లలున్న ఇల్లు ఎవరిదైనా తలుపు తెరవాల్సిందే. ఆ విషయంలో ఆర్థడాక్స్, క్యాథలిక్ తేడా చూపనక్కర్లేదు.

మన దగ్గర చట్టం ఇదే చెబుతోంది. 2015 బాలల న్యాయ చట్టం 41వ సెక్షన్ ప్రకారం పిల్లలను ఉంచుకునే ఏ సంస్థ అయినా, ప్రభుత్వ సాయం తీసుకున్నా తీసుకోకపోయినా, నమోదు కావాలి. నమోదు కాకుండా నడిపితే 42వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. మఠం గుమ్మంలో దొరికిన పిల్లను ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు ఉంచాలి. వదిలేసిన పిల్లలను దత్తతకు అర్హులుగా ప్రకటించడానికి రెండేళ్ల లోపు వారికి రెండు నెలల్లో, ఆపై వయసు వారికి నాలుగు నెలల్లో విచారణ ముగియాలి. సిస్టర్లు తమంతట తాము ఎవరికీ పిల్లను దత్తత ఇవ్వలేరు. నమూనా నియమాల ప్రకారం 25 మంది పడుకునే గది వెయ్యి చదరపు అడుగులు ఉండాలి, 50 మందికి ఎనిమిది మరుగుదొడ్లు, ఐదు స్నానాల గదులు. 1992లో మన దేశం ఒప్పుకున్న బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణం పిల్ల పెంపకంలో జాతి, మత, భాషా నేపథ్యపు కొనసాగింపును గమనించాలంటుంది. జాగ్రెబ్ పిల్లల విషయంలో తెగిపోయింది ఆ కొనసాగింపే.

తెలుగువాళ్లకు దగ్గరగా తగిలే ఆర్థడాక్స్ మఠాలు కేరళవే. అక్కడ తికమక పడే పేరు 'బెథనీ'. 1919లో రాన్ని పెరునాడ్‌లో ఫాదర్ పి.టి. గీవర్గీస్ బెథనీ ఆశ్రమాన్ని ఆర్థడాక్స్ చర్చిలోనే స్థాపించారు, 1925లో తిరువల్లాలో సిస్టర్ల శాఖ మొదలుపెట్టారు. బిషప్ మార్ ఇవానియోస్‌గా ఆయనే 1930 సెప్టెంబరు 20న కొల్లంలో రోముతో కలిశారు. సీరో మలంకర క్యాథలిక్ చర్చి అలా పుట్టింది. కొందరు ఆయన వెంట వెళ్లారు, కొందరు ఆర్థడాక్స్‌గానే ఉండిపోయారు. ఇప్పుడు రెండు చర్చిల్లోనూ బెథనీ ఆశ్రమాలు, బెథనీ సిస్టర్లు ఉన్నారు. ఆరాధన కూడా ఒకే సిరియక్ సంప్రదాయం. బోర్డు మీద 'బెథనీ' అని చూసి ఊహించి రాయకండి. పూజలో పోప్ పేరు చెబుతారా, చెప్పరా అని అడిగితే ఒక్క నిమిషంలో తేలుతుంది. అలాగే కేరళ ఆర్థడాక్స్, యాకోబైట్ వర్గాల గుడుల వివాదంలో 2017 జూలై 3 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత గుడులు చేతులు మారుతున్నాయి. ఆ గుడుల పక్కన హాస్టళ్లుంటే పిల్లల రిజిస్టర్ ఎవరు తీసుకున్నారన్నది కూడా వార్తే.

మీ డెస్కుకు మా విన్నపం చిన్నది. మఠం గురించి రాసేటప్పుడు బిషప్ ఎవరో, ఆయన ఏ పాట్రియార్కేట్ లేదా ఏ కాథోలికోస్ (మలంకర చర్చి లాంటి వాటి అధిపతి) కిందివారో ఒక వాక్యం చేర్చండి. అనాథాశ్రమం అయితే నమోదు సంఖ్య, పిల్లల రిజిస్టర్ రెండో ప్రతి ఎక్కడుందన్న సంగతి కూడా అడిగి వేయండి. ఫొటో కింద 'క్యాథలిక్' అని వేసేముందు మరోసారి చూడండి.

ఇట్లు,
చర్చి చరిత్ర, బాలల సంరక్షణ రంగాల్లో పనిచేస్తున్న పాఠకులం,
సికింద్రాబాద్